బుగ్గలు వాస్తే కాగితం ఎవరిస్తారు

విజిలక్క దుకాణంలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు మెట్టు మీద ఉండాలి. గోడల నిండా సంచులు. చెయ్యి తెగినవి, నోరు మూతపడనివి, అడుగు ఊడినవి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఆమె వాటికి జిప్పులు వేస్తుంది, పట్టీలు కుడుతుంది, స్కూలు సంచుల అడుగున రెండో పొర వేస్తుంది.

"జిప్పు తనంతట తాను పాడవదు," అంటుంది వచ్చినవాళ్ళతో. "మీ తొందర పాడుచేస్తుంది."

ఈ మాట ఆమె నోట వినడం వింతే. ఆ వీధిలో అంత తొందర మనిషి మరొకరు లేరు. సంచి బల్ల మీదికి రాకముందే ఆమె చేతిలో కత్తెర ఉంటుంది. ఒకసారి ఒక పెద్దమనిషి సంచి అడుగుకుట్టు మొత్తం విప్పేసింది. పాపం ఆయన వచ్చింది పోస్టాఫీసుకు దారి అడగడానికి.

నాలుగున్నరకు షట్టర్ దించి, మెడలో విజిల్ వేసుకుని, రెండు వీధుల అవతలి మైదానానికి వెళుతుంది. అక్కడ ఇరవై ముగ్గురు పిల్లలకు పరుగు నేర్పుతుంది. పన్నెండేళ్ళుగా ఇదే పని. పైసా తీసుకోదు. అసలు పేరు పిల్లలకు తెలియదు. అందరికీ విజిలక్కే.

పదిహేడో ఏట ఆమె కూడా పరుగెత్తేది. ఒక పెద్ద పోటీలో తుపాకీ పేలకముందే గీత దాటింది. రెండోసారీ అంతే. బయటికి పంపేశారు. ఆ రోజు నుంచి ఆమెకు నియమమంటే ప్రాణం. తొందర మాత్రం పోలేదు. రెండూ ఒకే ఒంట్లో కాపురం చేస్తున్నాయి, ఎక్కువగా కొట్టుకుంటూ.

ఆమె పెట్టిన నియమాల్లో పిల్లలకు ఇష్టమైనది ఒక్కటే. శనివారం శనివారం అందరి సమయాలూ చూస్తుంది. తన పాత సమయాన్ని అందరికంటే ఎక్కువగా ఎవరు తగ్గించుకుంటే, ఆ రోజు ఆట ముగిసే విజిల్ వాళ్ళు ఊదాలి. విజిలక్క మెడలోంచి తీసి స్వయంగా చేతికిస్తుంది. మూడు ఊదులు. అంతకంటే పెద్ద బహుమతి ఆ మైదానంలో లేదు.

ఆ శనివారం విజిల్ మైకుకు దక్కింది. మైకు పదేళ్ళవాడు. వాడు వాళ్ళింట్లో అన్నం చాలన్నా మూడో వీధిలో వినిపిస్తుంది, అందుకా పేరు. గొంతుకున్న వేగం కాళ్ళకు లేదు. నాలుగు నెలలు ఎదురుచూశాడు. చేతికి రాగానే మూడు ఊదాడు, ఎందుకైనా మంచిదని నాలుగోది కూడా ఊదాడు. సైకిల్ మీద పోతున్న ఆయన ఆగి దిగాడు. విజిలక్క వాడి చేతిలోంచి విజిల్ లాక్కుని, "సర్దుకోండి" అన్నట్టు తనూ ఒకసారి ఊదింది.

సోమవారం పొద్దున మైకు వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"మావాడు పది రోజులు రాడమ్మా. గవదబిళ్ళలు. రెండు బుగ్గలూ ఇంతేసి ఉన్నాయి."

"మాట్లాడుతున్నాడా?"

"లేదు. మూగ సైగలు. ఇల్లు ఇంత పెద్దదని నాకు ఇప్పుడే తెలిసింది."

విజిలక్క ఫోన్ పెట్టేసి గోడ మీది క్యాలెండర్ చూసింది. శనివారం నుంచి ఇరవై రెండో రోజు, ఆదివారం, రిలే పోటీ. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమె పిల్లలు నలుగురు ఆ పోటీకి ఎంపికయ్యారు. నలుగురూ మైకుతో పాటు ఒకే కొళాయి దగ్గర మూతి పెట్టినవాళ్ళే.

దుకాణం మూసి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. డాక్టరమ్మ నిదానస్థురాలు, మాటకూ మాటకూ మధ్య కళ్ళద్దాలు తుడుచుకుంటుంది.

"భయపడాల్సిందేం లేదు," అంది డాక్టరమ్మ. "టీకా రెండు విడతలూ వేయించుకున్న పిల్లలు రావచ్చు. ఒంట్లో తేడా కనిపిస్తే ఇంట్లో ఉండాలి. టీకా లేకుండా, ఇదివరకు జబ్బు వచ్చినట్టు రుజువు కూడా లేకపోతే, ఆ అబ్బాయిని కలిసిన రోజు నుంచి ఇరవై అయిదు రోజులు రాకూడదు."

కళ్ళద్దాలు తీసి తుడిచింది. పెట్టుకుని, "ఎవరి విషయంలోనైనా అనుమానం ఉంటే..." అని చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

మంగళవారం మైదానం గేటు దగ్గర విజిలక్క స్టూలు వేసుకుని కూర్చుంది. పిల్లలు వరసగా టీకా కార్డులు చూపించారు. ఒకటి నూనె మరకతో, ఒకటి ఎలుక కొరికి, ఒకటి తమ్ముడు బొమ్మలు గీసి. అన్నీ చదివింది. ఇరవై ఒక్క కార్డులు వచ్చాయి. రానిది ఒక్కటే. మిడతది.

మిడత రిలేలో చివరి పరుగు. పన్నెండేళ్ళది, సన్నగా, కాళ్ళు పొడుగ్గా ఉంటుంది, గీత దగ్గర ఉన్నట్టుండి ఎగురుతుంది. దానికి అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు. అమ్మమ్మ దిండ్లు కుడుతుంది. ఆ రోజు ఆవిడే మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది, జుట్టు మీద ఇంకా దూది నూగుతోనే.

"కార్డు లేదు తల్లీ," అంది. "ఇల్లు మారినప్పుడు పోయింది. అయినా దీనికి మూడో ఏట గవదబిళ్ళలు వచ్చి పోయాయి. పది రోజులు నేనే కాపడం పెట్టాను. మళ్ళీ ఎందుకొస్తాయి?"

"వచ్చినట్టు కాగితం ఉందా పెద్దమ్మా?"

అమ్మమ్మ జుట్టు మీది నూగు దులుపుకుంది.

"బుగ్గలు వాస్తే కాగితం ఎవరిస్తారమ్మా?"

"ఆసుపత్రిలో ఇస్తారు."

"ఆసుపత్రికి పోలేదు. బుగ్గ వాచింది, తగ్గింది. పెళ్ళా పేరంటమా, రాసి పెట్టుకోడానికి?"

"నోటిమాట నీటిమూట అన్నారు పెద్దమ్మా. నేను మీ మాట నమ్మొచ్చు. మిగతా ఇరవై ఒక్కమంది తల్లులు నమ్మాలిగా. ఇరవై అయిదు రోజులు."

"పోటీ ఇరవై రెండో రోజంటగా. మూడు రోజులు తగ్గించుకో."

"రోగం బేరమాడదు."

మిడత అమ్మమ్మ చెయ్యి వదిలి గేటు బయటే నిలబడి, లోపలి గీతలు చూసింది. ఆ చూపు విజిలక్కకు తెలుసు. పదిహేడో ఏట తనూ అలాగే చూసింది. తెలిసి కూడా గేటు వేసింది.

మిడత స్థానంలో నిమ్మళం అనే పిల్లను పెట్టింది. నిమ్మళానికి లోకంలో దేనికీ కంగారు లేదు. రిలేలో వెనక్కి చూడకుండా చెయ్యి చాపాలి, వెనకనుంచి వచ్చేవాళ్ళు "పట్టు" అని కర్ర చేతిలో పెట్టాలి, అంతే లేడిలా పోవాలి. నిమ్మళం చెయ్యి చాపేది, "పట్టు" అనగానే వెనక్కి తిరిగి, కర్ర అందుకుని, ఇచ్చినదాన్ని పలకరింపుగా చూసి, అప్పుడు బయలుదేరేది.

"థాంక్స్ కూడా చెప్పు," అంది విజిలక్క.

"చెప్పాను అక్కా," అంది నిమ్మళం.

బుధవారం సాయంత్రం మైదానం ప్రహరీ మీద మిడత ప్రత్యక్షమైంది. కాళ్ళు వీధివైపే వేలాడేసి, మెడ మాత్రం లోపలికి తిప్పి కూర్చుంది.

"గోడ మైదానం కిందికి రాదు అక్కా," అంది, ఎవరూ అడగకముందే.

విజిలక్క విననట్టు విజిల్ నోట్లో పెట్టుకుని ఊదింది. పిల్లలు పరుగెత్తారు. మళ్ళీ ఊదింది. ఆగారు. గోడ మీంచి గొంతు వచ్చింది. వెక్కిరింపు లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

"అక్కా, శనివారం మైకు ఊదింది ఈ విజిలే కదా?"

విజిల్ విజిలక్క పెదాల మధ్యే ఉంది.

"వాడు ఊదాక మీరు కూడా ఊదారు. నేను చూశాను. మధ్యలో కడగలేదు."

ఇరవై ఒక్కమంది పిల్లలు ఆమె నోటివైపు చూశారు. తేలు కుట్టిన దొంగలా నిలబడింది విజిలక్క. శనివారం ఆ ప్లాస్టిక్ మీద మైకు ఊపిరి వెచ్చదనం కూడా గుర్తొచ్చింది. కొళాయి దగ్గర కలిసినవాళ్ళంతా ఒక ఎత్తు, ఆమె ఒక ఎత్తు. మెల్లగా విజిల్ తీసింది.

"నాకు చిన్నప్పుడే వచ్చి పోయాయి," అంది.

గోడ మీద మిడత తల ఊపింది. తరవాత మర్యాదగానే అడిగింది.

"కాగితం ఉందా అక్కా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. విజిలక్క గడియారం చూసింది, ఆకాశం చూసింది, పిల్లల్ని చూసింది. చేతిలోని స్టాప్‌వాచ్‌ను స్టూలు మీద పెట్టి గేటు వైపు నడిచింది. బయటికి వెళ్ళి గేటు వేసుకుంది. గడియ లోపలివైపు ఉంది. చువ్వల మధ్యలోంచి చెయ్యి పెట్టి, కష్టపడి తనే పెట్టుకుంది.

ఇంట్లో భర్తకు చెప్పింది. ఆయన కరెంటు పని చేస్తాడు, మాటలు పొదుపు.

"నువ్వు పెట్టిన ఫ్యూజే. నీ దగ్గరే కొట్టింది," అన్నాడు. "మీ అన్నయ్యనడుగు. చిన్నప్పటి రోగాల సంగతి ఆయనకే తెలియాలి."

అన్నయ్య ఫోన్‌లో ఉత్సాహంగా ఉన్నాడు. "రాకపోవడమేమిటే? నాకూ నీకూ కలిసే వచ్చాయి. ఇద్దరం బడి మానేశాం. ఫోటో కూడా ఉంది, మామయ్య తీశాడు. ఉండు పంపిస్తాను."

పంపించాడు. నలుపు తెలుపు ఫోటో. బల్ల మీద ఇద్దరు పిల్లలు, తలచుట్టూ గడ్డం కిందుగా గుడ్డలు కట్టి ఉన్నాయి. ఇద్దరికీ బుగ్గలు పొంగి ఉన్నాయి. పెద్దవాడి ముఖంలో బాధ. ఆరేళ్ళ విజిలక్క ముఖంలో మాత్రం ఎందుకో గర్వం.

ఆమెకు ప్రాణం లేచివచ్చింది. గురువారం నాలుగింటికే దుకాణం మూసి మైదానానికి పరుగెత్తింది. గోడ దగ్గర మిడత, దానికి గొడుగు పట్టి అమ్మమ్మ. విజిలక్క పది అడుగుల దూరంలో ఆగి, ఫోన్ గోడ మీద పెట్టి వెనక్కి జరిగింది.

"చూడండి పెద్దమ్మా. కాగితం కంటే గట్టిది."

అమ్మమ్మ ఫోన్ అందుకుని దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. మిడత వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి చూపించింది.

"ఈ అబ్బాయికి గవదే," అంది అమ్మమ్మ. "చూడు, చెవి కింద దిగింది, చెవి తమ్మె పైకి లేచింది. గవద ఎప్పుడూ తమ్మెను లేపుతుంది. ఈ పిల్లకు కాదు."

"అదేమిటి, బుగ్గలు అంతున్నాయిగా?"

"బుగ్గ నడుమ ఉన్నాయి. తమ్మె ఉన్నచోటే ఉంది. పైగా కుడివైపు ఎక్కువ, ఎడమవైపు గడ్డలు కట్టింది. నలభై ఏళ్ళుగా దిండ్లు కూరుతున్నానమ్మాయ్. కూరిన ఉబ్బేదో నాకు తెలియదా? ఇది దూది."

విజిలక్క ఫోన్ మళ్ళీ గోడ మీద పెట్టించి అందుకుంది. స్పీకర్ పెట్టి అక్కడే పిన్నికి చేసింది. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళలో ఇప్పుడు మిగిలింది పిన్ని ఒక్కతే.

పిన్ని అడిగిందంతా విని, చాలాసేపు నవ్వింది. "ఇన్నేళ్ళకా అడుగుతున్నావు? రోగం మీ అన్నయ్యకే వచ్చిందే. వాడు బడికి పోకుండా కథల పుస్తకాలు చదువుకుంటుంటే నీ కడుపు మండింది. నా దిండు చింపి దూది బుగ్గల్లో కుక్కుకున్నావు. రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. మూడో రోజు అన్నం తినలేక ఏడిస్తే నేనే వేలు పెట్టి లాగాను. మీ అమ్మకు చెప్పలేదులే, తంతుందని."

"నాకు వచ్చాయనే అనుకున్నాను పిన్నీ."

"నువ్వు ఏడ్చిన ఏడుపుకు అలాగే అనిపించి ఉంటుంది."

విజిలక్క ఫోన్ పెట్టేసింది. అమ్మమ్మ గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"దూది మంచిదే వేశావు," అంది. "ఉండ కట్టకుండా విడదీసి పెట్టుకోవలసింది."

విజిలక్క గోడకు ఎదురుగా, రోడ్డు అవతలి అరుగు మీద కూలబడింది. ఇప్పుడు ఆమె దగ్గర కాగితం లేదు, రుజువు లేదు, అబద్ధం కూడా లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆమె జీవితంలో అంతసేపు కదలకుండా కూర్చోవడం అదే మొదలు.

"పెద్దమ్మా," అంది చివరికి. "చెవి తమ్మె సంగతి మీరు మొన్ననే చెప్పి ఉంటే..."

"మొన్న నువ్వు వింటేగా."

శుక్రవారం పొద్దున ముగ్గురూ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళారు, ఎడం ఎడంగా. డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. ఈసారి విజిలక్క కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది.

"ఎవరి విషయంలోనైనా అనుమానం ఉంటే," అంది డాక్టరమ్మ, సోమవారం ఆగిన చోటి నుంచి, "రక్తపరీక్ష ఉంది. ఇదివరకు వచ్చిందో లేదో, టీకా పనిచేసిందో లేదో తెలుస్తుంది. అయిదు రోజుల్లో చెబుతారు. ఈ మాట అప్పుడే చెప్పబోయాను. మీరు గుమ్మం దాటేశారు."

ఆ అయిదు రోజులూ మైదానం గోడ బయట ఇంకో మైదానం నడిచింది. విజిలక్క సుద్దతో రోడ్డు పక్కన గీత గీసింది. గీతకు అటు మిడత, ఇటు తను. మధ్యలో పది అడుగులు. లోపలి పిల్లలకు గోడ మీదుగా కేకలు వేసేది, బయటి పిల్లకు చేతులతో సైగలు చేసేది. విజిల్ సబ్బుతో కడిగి దుకాణంలో మేకుకు తగిలించింది. కర్ర ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి మిడత వెనక్కి చెయ్యి చాపేది, విజిలక్క దూరం నుంచి "పట్టు" అనేది, మిడత గాలిని పట్టుకుని పరుగెత్తేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, ఏమీ అర్థం కాక, ఏదో మంచిపనే అయి ఉంటుందనుకుని వెళ్ళిపోయేవారు.

"చూడకు," అనేది విజిలక్క. "చెయ్యి మాత్రమే చాపు. వస్తుందని నమ్ము."

"అక్కా," అంది మిడత ఒకరోజు, రొప్పుతూ. "అమ్మమ్మ మాట మాత్రం నమ్మలేదు మీరు."

విజిలక్క సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పింది. "పరుగెత్తు," అంది. మిడత కదలబోయేసరికి, "నమ్మి ఉండాల్సింది," అని కూడా అంది. అప్పుడు మిడత పరుగెత్తింది. ఆ రోజు అది బాగా పరుగెత్తింది.

బుధవారం రెండు కాగితాలు వచ్చాయి. మిడతకు మూడో ఏట వచ్చినవి గవదబిళ్ళలేనట్టుంది, ఇక రావని తేలింది. విజిలక్కకు రానే లేదని తేలింది. ఆమె మొదటి కాగితాన్ని మడత పెట్టి మిడతకిచ్చింది. గేటు దాకా వెంట నడిచి, బయటే ఆగింది. లోపల ఇరవై ఒక్కమంది అరిచిన అరుపు మైకు అరిచినట్టే ఉంది. నిమ్మళం వచ్చి కర్ర మిడత చేతిలో పెట్టి, "హమ్మయ్య," అంది, మనస్ఫూర్తిగా. విజిలక్క చువ్వల మధ్యలోంచి చెయ్యి పెట్టి గడియ వేసుకుంది. ఈసారి అలవాటైంది.

పదిహేడో రోజు, మంగళవారం, జిప్పు వేస్తుంటే దవడ దగ్గర లాగినట్టనిపించింది. దుకాణంలో అద్దం లేదు. ఎవరో ఇచ్చిన హ్యాండ్‌బ్యాగ్ లోపలి చిన్న అద్దంలో చూసుకుంది. ఎడమ చెవి తమ్మె పైకి లేచి ఉంది. షట్టర్ దించి ఇంటికి వెళ్ళి పడుకుంది. మర్నాటికి కుడివైపు కూడా వచ్చింది.

"ఇప్పుడు సమంగా ఉంది," అన్నాడు భర్త. ఆయనకు చిన్నప్పుడే వచ్చి పోయాయట. కాగితం ఉందా అని ఆమె అడగలేదు.

ఆదివారం పిల్లల్ని పోటీకి ఆయనే తీసుకెళ్ళాడు. అమ్మమ్మ కూడా వెళ్ళింది. మధ్యాహ్నం విజిలక్క మంచం మీద ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చుంది. పన్నెండేళ్ళు ఎదురుచూసిన పరుగు ఎక్కడో జరిగిపోతోంది. ఆమె గోడ గడియారం చూసింది, కిటికీ చూసింది, మళ్ళీ గడియారం. ఫోన్ మోగకముందే ఎత్తింది.

"రెండో స్థానం అక్కా," అంది మిడత. చుట్టూ గోల.

విజిలక్క బుగ్గల్లో మాట ఇరుక్కుంది. "చూశావా?" అంది ఎలాగో.

"ఏంటి?"

"కర్ర. చూసి అందుకున్నావా?"

"చూడలేదక్కా."

సాయంత్రం అమ్మమ్మ నేరుగా ఇంటికే వచ్చింది. మంచం దగ్గరికి రావద్దని విజిలక్క చేత్తో వారించింది. "నాకు ఏడో ఏటే వచ్చాయి," అంది అమ్మమ్మ, ఆగకుండా వచ్చి కూర్చుని. చెవి తమ్మె వేలితో తాకి చూసింది. గవదను చెవి కింది నుంచి దవడ దాకా తడిమింది, దిండు సరిగ్గా కూరారో లేదో చూసినట్టు. గోరువెచ్చని గుడ్డ మడతపెట్టి చెంపకు ఆనించింది.

తరవాత రవికెలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. నోటుపుస్తకంలోంచి చింపిన పేజీ. మిడత రాత, ఎగుడుదిగుడుగా.

"సంచులు కుట్టే విజిలక్కకు గవదబిళ్ళలు వచ్చినవి. రెండు వైపులా వచ్చినవి. నేను నా కళ్ళతో చూసినాను, చేత్తో పట్టి చూసినాను. దూది కాదు. ఇకమీదట ఈమెను ఏ మైదానంలోనికైనా రానివ్వవచ్చును."

కింద అమ్మమ్మ సంతకం, నిలువుగా, ఒక్కో అక్షరం ఒక్కో కుట్టులా.

విజిలక్క నవ్వబోయింది. దవడ కలుక్కుమంది. రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా, శబ్దం లేకుండా నవ్వింది. మళ్ళీ కాగితం అందుకుని మొదటి నుంచి చదివింది. చివరికి వచ్చి ఆగింది.

"పెద్దమ్మా," అంది, సగం నోటితో. "తేదీ వెయ్యలేదు."

"వేస్తాను," అంది అమ్మమ్మ, కొంగు ముడి విప్పుతూ. "పెన్ను తియ్యనియ్యి. ఏమిటా తొందర?"